ఆశాజ్యోతికి లేని షుగరు

ఆశాజ్యోతికి షుగరు లేదు. కడియం దగ్గర ఆ చిన్న పేటలో ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. అది ఆశాజ్యోతే.

మిగతా పేటంతటికీ ఆమె ఎనిమిదేళ్ళ షుగరు పేషెంటు. తప్పంతా పెరుగు తోడుది. ఒక ముసురు పొద్దున పక్కింటి పాపాయమ్మ గిన్నె పట్టుకుని తోడు కోసం వచ్చింది. గూట్లో ఉన్న మందుల డబ్బా చూసి, "ఇవేం బిళ్ళలే, గుర్రానికి వేసేటట్టున్నాయి?" అంది. ఆశాజ్యోతి నోటికి దొరికిన మొదటి మాట "షుగరు, పెద్దమ్మా". బీపీ అని ఉంటే ఆవకాయలో కాస్త ఉప్పుతో పోయేది. థైరాయిడ్ అని ఉంటే ఏమీ పోయేది కాదు. కంగారులో అబద్ధమాడే మనిషికి అంత ఏరుకునే తీరిక ఉండదు.

ఆ రోజుతో ఆమెకు తీపి కట్టయింది. ఎవరింట్లో పుట్టినరోజైనా, లూథరన్ గుడిలో అందరూ కలిసి తినే ప్రేమవిందైనా, వరసగా అందరి విస్తళ్ళలో పడుతూ వచ్చిన బూరె ఆమె దగ్గరికి వచ్చేసరికి గాల్లో ఎగిరి పక్క విస్తట్లో దిగేది. గుడి పెద్ద బుల్లియ్య గారు వడ్డనకి నిలబడితే మరీను. "నీకొద్దులే అమ్మాయ్, నీ మంచికే" అని పందిరంతా వినేటట్టు అనేవారు. ఎవరైనా ఆత్రేయపురం పూతరేకులు తెస్తే, పొట్లం విప్పకముందే "ఆశమ్మా, నువ్వు అటు తిరుగు" అనేవారు. చెప్పుకోకూడదు గానీ, నలభై నాలుగేళ్ళ మనిషి ఒకసారి రాజమండ్రి బస్టాండులో స్తంభం చాటుకి వెళ్ళి, గోడవైపు తిరిగి, ఎవరో తరుముకొస్తున్నట్టు రెండు కాజాలు తింది. పాకం కారి జాకెట్టు మీద పడింది. "అదేం మరకే?" అని పాపాయమ్మ అడిగితే "మామిడి జీడి" అంది. నర్సరీలో మామిడి అంట్లు కట్టే మనిషి కాబట్టి నమ్మేసింది.

పాపాయమ్మకి మాత్రం నిజంగానే షుగరు. పక్కింట్లోనే తోడు దొరికిందని ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. మర్నాడే పొద్దున్న ఆరింటికి స్టీలు గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గ్లాసు నిండా కాకరకాయ రసం.

"ముక్కు మూసుకుని గటుక్కున తాగెయ్. ఆలోచించావంటే దిగదు."

ఆశాజ్యోతి తాగింది. మొహం చిట్లించి, ఒళ్ళంతా ఒకసారి జలదరించి, ఖాళీ గ్లాసు ఇచ్చేసింది. పాపాయమ్మ ఆమె మంచం మీద కూర్చుని, కువైట్లో వంటపని చేస్తున్న కూతురి కబుర్లు, మనవరాలు దీవెన కబుర్లు, మోకాలి నొప్పి కబుర్లు అన్నీ చెప్పి వెళ్ళింది. అప్పటినుంచి ఎనిమిదేళ్ళు అదే వరస. రసానికి ఆదివారం సెలవు కూడా లేదు.

కొత్తలో ఒక గండం వచ్చిపడింది. "నిన్న రాజమండ్రిలో చూపించుకున్నావు గదా, ఎంతొచ్చింది?" అంది పాపాయమ్మ. ఎంతని చెప్పాలో ఆశాజ్యోతికి తెలియదు. "ఇరవై" అంది.

"ఇరవయ్యా! ఇరవైకి మనిషి ఉంటాదేంటే, శవం ఉంటాది గానీ!"

"రెండొందల ఇరవై పెద్దమ్మా. ఆ రెండొందలూ నోట్లోనే ఉండిపోయాయి."

ఆ తర్వాత నర్సరీ గుమస్తాని మాటల్లో పెట్టి, పరగడుపున ఎంతుండాలో, తిన్నాక ఎంతుండాలో కనుక్కుంది. రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే ఒక అంకె తయారు చేసి పెట్టుకునేది. ఒక్కోసారి తగ్గించేది, ఒక్కోసారి పెంచేది. పెరిగిందంటే పాపాయమ్మ మర్నాడు మిక్సీలో ఇంకో రెండు కాయలు ఎక్కువ వేసేది.

ఇంతకీ ఆ బిళ్ళలు హెచ్ఐవీవి. రాజమండ్రి ఆసుపత్రి వెనక వరండాలో చివరి గదిలో ఇస్తారు. పదహారేళ్ళుగా ఒక్కరోజు మానకుండా వేసుకుంటోంది. మనిషి నిక్షేపంగా ఉంది.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసి గోడకి అంటించలేదు గానీ అందరికీ తెలుసు. అక్కడ బెంచీ మీద భుజాలు తగిలేటట్టు కూర్చున్నవాళ్ళు, బయట ఎక్కడ ఎదురైనా ఒకరినొకరు పలకరించుకోకూడదు. చూపు తిప్పేసుకోవాలి. బయట అది పొగరు, ఆ గదివాళ్ళకి అది మర్యాద. ఆశాజ్యోతి ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు. కిందటేడు ఆ గదికి కొత్తగా ఒక కుర్రాడు వచ్చాడు. ఎడమ కనుబొమ లావుగా మొదలై, నడుమ ఒక పాత దెబ్బతో తెగి, మళ్ళీ మొదలవుతుంది. గదిలోకొచ్చినా హెల్మెట్ తీసేవాడు కాదు. "బాబూ, ఇక్కడెవరూ నెత్తిన కొట్టరు, తీసెయ్" అని నర్సు అంటే బెంచీవాళ్ళందరూ నవ్వారు. ఆశాజ్యోతి కూడా నవ్వింది. అలా ఆ కనుబొమ గుర్తుండిపోయింది.

*

వేసవి మొదట్లో ఒక ఆదివారం, లూథరన్ గుడిలో ప్రసంగం అయ్యాక అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని పెళ్లి ప్రకటన చదివారు. దీవెనకీ, రావులపాలెంలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్న ప్రసన్నకుమార్‌కీ. "వీరిద్దరి వివాహమునకు న్యాయమైన అభ్యంతరమేదైనా ఎవరికైనా తెలిసిన యెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." ఇలా మూడు ఆదివారాలు చదవాలి. ఆ మూడుసార్లూ గుడి ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరో దగ్గుతారు. అయ్యగారు పేజీ తిప్పుతారు.

గుడి బయట వేపచెట్టు నీడలో పాపాయమ్మ ఫోను తీసి పెళ్లికొడుకు ఫోటో చూపించింది. "చూడవే, రాజాలా ఉన్నాడు! పిల్లాడికి ఒక్క అలవాటు లేదంట, టీ కూడా తాగడంట." ఆశాజ్యోతి చూసింది. నవ్వుతున్న మొహంలో ఎడమ కనుబొమ నడుమ తెగి ఉంది.

"బావున్నాడు పెద్దమ్మా" అంది. ఆ మాట ఆమెకే ఎక్కడో విన్నట్టనిపించింది.

విన్నమాటే. ఆమె పంతొమ్మిదో ఏట, ఇదే గుడిలో, ఆమె పేరు, శాంతికుమార్ పేరు కలిపి మూడు ఆదివారాలు చదివారు. అందరూ బావున్నాడన్నారు. శాంతికుమార్ మొక్కల లారీల మీద పుణె దాకా వెళ్ళి, దింపించి, పది పదిహేను రోజులకి వచ్చేవాడు. "మగాడు ఊళ్ళు తిరిగి అలిసొస్తాడు. గుమ్మంలోనే ప్రశ్నలేసి నిలబెట్టకు" అని తల్లి చెప్పి పంపింది. ఆశాజ్యోతి అలాగే ఏమీ అడగలేదు. ఒకసారి ఆరోగ్య కార్యకర్త ఆడవాళ్ళ మీటింగు పెట్టి నిరోధ్ పొట్లాలు పంచింది. ఆశాజ్యోతి సిగ్గుపడుతూ తెచ్చి సున్నిపిండి డబ్బాలో దాచింది. ఆయనకి దొరికాయి. ఎందుకని అడగలేదు ఆయన. "నీకెవడిచ్చాడు?" అన్నాడు. ఆ డబ్బాలో మళ్ళీ సున్నిపిండి తప్ప ఇంకేమీ ఉండలేదు.

ఏడేళ్ళకి ఆయన చిక్కి చిక్కి పోయాడు. దినం రోజున అత్తగారు "ఇది కాలు పెట్టింది, వాడు మంచమెక్కాడు" అని ఏడ్చింది. తర్వాత ఎవరో నర్సమ్మ పట్టుబట్టి ఆశాజ్యోతికి రక్తపరీక్ష చేయించింది. కాగితం పట్టుకుని ఇంటికొస్తే తోడికోడలు మెల్లగా చెప్పింది, "మాకు తెలుసమ్మాయ్. పెళ్లికి ముందే కాకినాడలో చెప్పారు. పెళ్లయితే తిరుగుళ్ళు మాని, వేళకి తిని, కుదుటపడతాడనుకున్నాం."

"ప్రకటన చదివిన మూడు ఆదివారాలూ నువ్వు గుడిలోనే ఉన్నావు గదక్కా."

"ఉన్నాను. నీకు మల్లెపూలు తెచ్చింది నేనే గదా."

ఆ మల్లెపూలు ఆశాజ్యోతి మరిచిపోలేదు. శాంతికుమార్ మీద కోపం ఎప్పుడో చల్లారిపోయింది. ఆ నిశ్శబ్దంలో దగ్గింది ఎవరా అని మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంది.

ఇప్పుడు దగ్గాల్సిన వంతు తనకొచ్చింది.

*

బుధవారం పని మానేసి రావులపాలెం వెళ్ళింది. షాపులో వేరే మనుషులుంటారని, ఏదో ఒకటి కొనాలి గదా అని, బస్సులోనే అనుకుని పెట్టుకుంది. లోపలికెళ్ళి, తన ఫోను గాజు బల్ల మీద పెట్టి, "దీనికి స్క్రీన్ గార్డ్ వెయ్యండి బాబూ" అంది.

ప్రసన్నకుమార్ ఆ ఫోను చూశాడు. మీటలున్న చిన్న ఫోను. "దీనికి గార్డ్ ఉండదండి. దీనికి స్క్రీనే సరిగ్గా లేదండి" అన్నాడు నవ్వుతూ. తలెత్తి ఆమె మొహం చూశాడు. నవ్వు అలాగే ఉండిపోయి, రంగు మాత్రం పోయింది. పద్ధతి ప్రకారం చూపు తిప్పుకున్నాడు. ఆమె తిప్పుకోలేదు.

షాపులో ఉన్న ఒక్క గిరాకీ వెళ్ళేదాకా ఇద్దరూ ఆ మీటల ఫోనునే చూస్తూ నిలబడ్డారు.

"దీవెన మా పక్కింటి పిల్ల" అంది ఆశాజ్యోతి. "నా చేతుల్లో పెరిగింది."

అతను కుర్చీలో కూర్చుండిపోయాడు. "నాకిప్పుడు వైరస్ లెక్కకి కూడా దొరకట్లేదంటండి. మందు మానకపోతే ఆవిడకి రాదని డాక్టర్ గారే చెప్పారండి. ఒట్టండి."

"తెలుసు. నాకూ అదే చెప్పారు. మంచి మాట. ఆ మంచి మాట ఆ పిల్లకి చెప్పు మరి."

"చెప్తే చేసుకోదు కదండీ."

"చేసుకోకపోవచ్చు. చేసుకోవచ్చు కూడా. ఆ రెండూ దాని చేతిలో ఉండాల్సినవి. నువ్వూ మీ అమ్మా పంచుకునేవి కాదు."

"అమ్మ పెళ్లయిపోతే అన్నీ సర్దుకుంటాయంటాదండి."

ఆశాజ్యోతి బల్ల అంచు పట్టుకుంది. "ఆ మాట నాకు బాగా తెలుసు నాయనా. పాతికేళ్ళుగా దాంతోనే కాపురం చేస్తున్నాను."

అతను బల్ల మీది ఫోనుని ఆమె వైపు జరిపాడు. తర్వాత నెమ్మదిగా, బెదిరింపేమీ లేకుండా, తెలియక అడిగే పిల్లాడిలా అడిగాడు. "మీరు చెప్తారనుకోండి. నన్ను ఎక్కడ చూశానని చెప్తారండి?"

ఆ మాట చెప్పాలంటే ఆశాజ్యోతి ముందు తన సంగతి బయటపెట్టాలి. "వచ్చే ఆదివారం లోపు నువ్వే చెప్పు. నీ పేరు నా నోటంట రాదు" అంది. వెళ్ళబోతూ "గార్డ్ లేదా? పోనీ ఒక తాడైనా ఇయ్యి" అని, మెడలో వేసుకునే ఫోను తాడు కొనుక్కుని వచ్చింది. ఆ తాడుకి ఆ ఫోను పట్టలేదు.

రెండో ఆదివారం వచ్చింది. అయ్యగారు రెండో ప్రకటన చదివారు. గుడి నిశ్శబ్దమైంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆశాజ్యోతి లేవలేదు. లేచి ఏం చెప్పినా అది ఆ కుర్రాడి మీద రాయి వేయడమే. అలాగని కూర్చోవడమంటే మల్లెపూలు పట్టుకుని కూర్చోవడమే. మోకాళ్ళ మీద పాటల పుస్తకం పెట్టుకుంది. దీవెన ముందు వరసలోంచి వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వింది.

*

సోమవారం పొద్దున ఆరింటికి పాపాయమ్మ గ్లాసుతో వచ్చింది. వెనకాల, పెళ్లికి ఆశాజ్యోతికి కుట్టించే జాకెట్టు కొలత కోసం దీవెన కూడా వచ్చింది. "పెళ్లిలో నీకు విడిగా పాయసం చేయించమన్నానే, బెల్లం పంచదార ఏమీ లేకుండా" అంది పాపాయమ్మ.

"అది పాయసం కాదు అమ్మమ్మా, గంజి" అంది దీవెన.

ఆశాజ్యోతి గ్లాసు అందుకుంది. తాగలేదు. కింద పెట్టి, "పెద్దమ్మా, నాకు షుగరు లేదు" అంది.

"తగ్గిపోయిందా!" అంది పాపాయమ్మ, కళ్ళు ఇంత చేసుకుని. "కాకర మహత్యం చూశావా!"

ఒక్క క్షణం ఆశాజ్యోతికి అక్కడే ఆగిపోదామనిపించింది. ఎంత సులువైన దారి! కానీ ఆగలేదు. మొత్తం చెప్పింది. తన సంగతి, తనదొక్కటే. శాంతికుమార్, తోడికోడలు, ఆ కాగితం, ఆ బిళ్ళలు. చెప్పి, దీవెన వైపు తిరిగింది. "నువ్వూ ఆ అబ్బాయీ పెళ్లికి ముందే రక్తం చూపించుకోండమ్మా. నాకు అడగొచ్చని తెలీదు. అడిగితే బావుంటుందని చెప్పినవాళ్ళూ లేరు. నువ్వు అడుగు. నీది ముందు చూపించి, అతనిది అడుగు."

దీవెన చురుకైన పిల్ల. చాలాసేపు చూసి, "పిన్నీ, ఆయన్ని మీరెక్కడైనా చూశారా?" అంది.

"నేను నా సంగతి చెప్పానమ్మా" అంది ఆశాజ్యోతి.

 పాపాయమ్మ తన గ్లాసు తీసుకోబోయి, చెయ్యి మధ్యలో ఆపింది. తర్వాత తీసుకుంది. పైట చెంగుతో పట్టుకుని తీసుకుంది.

మర్నాడు ఆరింటికి ఎవరూ రాలేదు.

దీవెన తన పరీక్ష చేయించుకుని, ఆ కాగితం ఫోటో ప్రసన్నకుమార్‌కి వాట్సాప్‌లో పంపి, "ఇది నాది. మీది పంపండి" అని రాసింది. రెండు నీలం టిక్కులు పడ్డాయి. మూడు రోజులు జవాబు లేదు. శనివారం మధ్యాహ్నం అతనే బండి మీద వచ్చాడు. హెల్మెట్ వీధి మొదట్లోనే తీసేశాడు. గుడి అరుగు మీద కూర్చుని దీవెనకి అంతా చెప్పాడు.

"ఏడ్చాడు పిన్నీ" అని సాయంత్రం చెప్పింది దీవెన, గుమ్మంలో నిలబడి. "చెప్పినందుకు మంచివాడే అనిపించింది. ఆఖర్న చెప్పినందుకు కోపమొచ్చింది. ఆలోచించుకోవాలి, తొందరపెట్టొద్దు అన్నాను. అమ్మమ్మకి మాత్రం నాకే టైము కావాలన్నానని చెప్పాను."

మూడో ఆదివారం అయ్యగారు ప్రసంగం కాగానే తిన్నగా కానుకల పాటకి వెళ్ళిపోయారు. మూడో ప్రకటన లేదు. ఈసారి దగ్గులు చాలా వినిపించాయి.

*

పాపాయమ్మ ఆశాజ్యోతి సంగతి ఒక్కళ్ళకే చెప్పింది. మరిది భార్యకి. "ఎవరితోనూ అనకు" అని కూడా చెప్పింది. ఆవిడా ఇంకొక్కళ్ళకే, అలాగే, జాగ్రత్తగా చెప్పింది. నాలుగు రోజుల్లో పేటకి రెండు సంగతులు తెలిశాయి. ఆశాజ్యోతికి ఆ జబ్బు, దీవెన పెళ్లి ఆగింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పేట తన లెక్క తాను తేల్చేసింది. ఆశాజ్యోతి సంగతి పెళ్లికొడుకువాళ్ళకి తెలిసిందట. అలాంటి మనిషితో రాకపోకలున్న ఇంటి పిల్ల ఎందుకని మానుకున్నారట. అంటే పాపం, ఆడపిల్ల పెళ్లి చెడగొట్టింది ఆశాజ్యోతే.

నర్సరీలో మేస్త్రీ "నీకు ఎండ తగలకుండా" అని చెప్పి, ఆమెను దూరంగా చివరి పచ్చవల పందిరి కిందికి మార్చాడు. ఆ పందిరి కింద అంట్లు కట్టేది ఆమె ఒక్కతే. మామిడి కొమ్మని వాలుగా కోసి, మొక్క చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టడం. రెండూ అతుక్కోవడానికి పదిహేను రోజులు పడుతుంది. అన్నాళ్ళూ కదిలించకూడదు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా రోజుకి ఇరవై ఎక్కువే కట్టింది.

దీవెన ఊరుకోలేకపోయింది. "నేను చెప్పేస్తాను పిన్నీ. చెడగొట్టారన్న పేరు మీకెందుకు?"

"ఏమని చెప్తావు? చెప్తే ఆ అబ్బాయి షాపు మూసుకోవాలి."

"మరి మీరు?"

"నాది ఎలాగూ తెరిచేశాను గదా" అంది ఆశాజ్యోతి. "ఆ గదికో పద్ధతుందమ్మా. నేనొకసారి తప్పాను. చాలు."

దీవెన డిగ్రీ మీద దొరికిన ఉద్యోగానికి రాజమండ్రి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ప్రసన్నకుమార్‌తో ఫోన్లో మాట్లాడుతోందో లేదో ఎవరికీ చెప్పలేదు. ఆశాజ్యోతి అడగలేదు.

ఆ నెలాఖరుకి గుడిలో ప్రేమవిందు వచ్చింది. పందిట్లో బల్లలు వేసి, విస్తళ్ళు వేశారు. ఆశాజ్యోతి చివర కూర్చుంది. ఆమె పక్కన నాలుగు కుర్చీలు ఎవరో పిలిచినట్టు ఖాళీ అయిపోయాయి. బుల్లియ్య గారు బూరెల గిన్నెతో వరసగా వస్తున్నారు. అలవాటుగా ఆమె విస్తరి దాటబోయి, ఠక్కున ఆగారు. షుగరు లేదని ఇప్పుడు ఆయనకీ తెలుసు. వెయ్యకపోవడానికి కారణం లేదు. వెయ్యడానికి చెయ్యి రాలేదు. చివరికి జానెడు ఎత్తునుంచి రెండు బూరెలు వదిలారు. ఒకటి విస్తట్లో పడింది. ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి బల్ల అంచున ఆగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకోటి వెయ్యమంటావా అమ్మాయ్?" అన్నారు, చాలా నెమ్మదిగా.

"చాలండి" అంది ఆశాజ్యోతి. దొర్లిన బూరెని తీసి విస్తట్లో పెట్టుకుంది.

ఎనిమిదేళ్ళ తర్వాత నలుగురిలో తింటున్న తీపి. మెల్లగా తింది. స్తంభం చాటున తిన్న కాజా ఇంతకంటే రుచిగా ఉన్నట్టు అనిపించింది.

అప్పుడు పాపాయమ్మ వచ్చింది. నెల రోజుల తర్వాత రావడం. కాసేపు తటపటాయించి, ఒక కుర్చీ వదిలి అవతలి కుర్చీలో కూర్చుంది. నడుమ కుర్చీ ఖాళీగా కనపడకుండా దాని మీద తన సంచి పెట్టింది. సంచికి అంత పెద్ద కుర్చీ అక్కర్లేదు. అది ఇద్దరికీ తెలుసు.

 పాపాయమ్మ తన విస్తట్లో పులిహోర కెలుకుతూ, ఆమె వైపు చూడకుండానే అడిగింది.

"ఒక్క మాట చెప్పవే. నీకు షుగరే లేదు గదా. ఎనిమిదేళ్ళు నా కాకరకాయ రసం ఎందుకు తాగావే? అంత చేదు!"

ఆశాజ్యోతి వేళ్ళకి అంటిన పూర్ణం చూసుకుంది.

"పొద్దున్నే నా గుమ్మంలోకి ఇంకెవరొచ్చారు పెద్దమ్మా" అంది.

పాపాయమ్మ సంచి పట్టీ పట్టుకుని అలాగే కూర్చుంది. సంచి తియ్యలేదు. లేచి వెళ్ళనూ లేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి, అలవాటు కొద్దీ, ఆశాజ్యోతి తలుపు తీసి మంచం మీద కూర్చుంది. వీధిలో పాలవాడి బండి వెళ్ళింది. గోడ అవతల పాపాయమ్మ ఇంట్లో మిక్సీ తిరగడం మొదలుపెట్టింది. కొబ్బరి పచ్చడికో, ఇంకెందుకో. ఆగింది. మళ్ళీ తిరిగింది. ఆశాజ్యోతి తలుపు వెయ్యకుండా కూర్చుంది.